లావోన్ మూల కుట్లు

మా ఊళ్లో ఎవరింటికైనా భోజనానికి వెళ్లి, వాళ్లు చేసిన హాట్‌డిష్ తిని, "వేరేగా ఉంది" అన్నారంటే ఆ ఇంటావిడ మళ్లీ జన్మలో ఆ వంటకం జోలికి పోదు. మావాళ్ల నోట అంతకంటే పెద్ద తిట్టు రాదు. "ఫర్వాలేదే" అన్నారంటే ఆకాశానికెత్తినట్టు. ఈ రెంటి మధ్యా ఉన్న మాటలన్నీ మావాళ్లు మింగేసి, పైన ఇన్ని కాఫీ నీళ్లు పోసుకుంటారు. మిన్నెసోటా పడమటి కొసన ఈ స్టెన్‌విక్‌లోనే పుట్టి, ఇక్కడి పోస్టాఫీసు కిటికీ వెనకే జుట్టు నెరిసినదాన్ని కాబట్టి నాకు బాగా తెలుసు. నాకు మాత్రం దేవుడు నోరు కాస్త పెద్దదిచ్చాడు. అందుకే ఈ మార్లిస్ వస్తోందంటే మా చర్చి ఆడవాళ్లు ముందు జాగ్రత్తగా తినడానికేదో ఒకటి నా చేతిలో పెడతారు, నోరు మూసుకుంటుందని.

నోరున్న మనిషి ఇంకొకతె ఉంది, లావోన్ టోలెఫ్సన్. బడి వంటగదిలో పిల్లలకు వండిపెట్టి రిటైరైంది. మనిషి ఎత్తరి, గొంతు ఇంకా ఎత్తు. నవ్విందంటే పార్కింగ్‌లో ఉన్నవాళ్లకు వినపడేది. భర్త పోయాక ఆవిడకు మిగిలిన సంబరమల్లా గురువారం. ఆ రోజు మా లూథరన్ చర్చి నేలమాళిగలో ఆడవాళ్లంతా చేరి బొంతలు కుడతారు.

నాకు చొక్కా బొత్తాం కుట్టడం కూడా రాదు. పోస్టాఫీసు మధ్యాహ్నం మూసే గంటలో కాఫీకీ, రూబార్బ్ బార్లనే తీపి బిళ్లలకీ ఆశపడి అక్కడికి వెళ్లేదాన్ని. అలా చూసి చూసి నాకు తెలిసిందేమిటంటే, బొంతంటే రెండు పనులు. రంగురంగుల ముక్కలు కత్తిరించి కలిపి పై గుడ్డ తయారు చెయ్యడం ఒకటి. అది ఎవరింట్లో వాళ్లు మిషను మీద చేసుకుంటారు. ఆ పై గుడ్డకూ కింది అస్తరుకూ మధ్య దూది పరిచి, మూడూ కదలకుండా బొంతంతా సన్నటి కుట్లు వెయ్యడం రెండోది. అదే అసలు పని. దానికి బల్లంత చెక్క చట్రం కావాలి, చుట్టూ కూర్చునే చేతులు కావాలి. అందుకే వంతులవారీగా ఒక్కొక్కరి పై గుడ్డనూ చర్చి చట్రానికి బిగించి అందరూ కలిసి కుడతారు. వారం వారం కుట్టినమేర చుట్టేస్తూ, కుట్టాల్సింది ముందుకు లాక్కుంటూ పోతారు.

లావోన్ చోటు మెట్ల వైపు మూల. అక్కడ ఇంకెవరూ కూర్చునేవారు కాదు. పక్కనే వెర్నా బ్రెక్కె. వెర్నా నోట్లో నాలుక లేని మనిషి. మాట్లాడాల్సి వస్తే ముందు మెడ దగ్గర ఎర్రబడుతుంది, తరవాత చెంపలు, అప్పటికి ఎదుటివాళ్లు విసిగి వేరే మాటలోకి వెళ్లిపోతారు. వాళ్లందరికీ పెద్ద దిక్కు ఓర్ఫా. ఎనభై దాటాయి. చూపు మసకబారి కుట్టడం మానేసినా, కాఫీ పాత్ర పక్కన కుర్చీ వేసుకుని అజమాయిషీ మాత్రం మానలేదు.

లావోన్ రెండింటికల్లా లేచి వెళ్లిపోయేది. నర్సింగ్ హోంలో ఉన్న వాళ్లక్కకు జుట్టు దువ్వి, కబుర్లు చెప్పి రావాలి. నేనైతే ఇంకా ముందే, ఒంటిగంటకే వెళ్లిపోయేదాన్ని. మా ఇద్దరి తరవాత అక్కడేం జరిగేదో మా ఇద్దరికీ తెలియదు.

ఒక సంవత్సరం జూలై సెలవులకు లావోన్ మేనకోడలు కిర్‌స్టెన్ మినియాపొలిస్ నుంచి వచ్చింది. అత్త మంచం మీద ఉన్న జంట ఉంగరాల బొంత చూసి కళ్లు పెద్దవి చేసుకుంది. గొలుసులా ఒకదాన్నొకటి పట్టుకున్న ఉంగరాల అల్లిక అది, పెళ్లిళ్లకు ఇస్తారు. "ఇలాంటివి ఇంటర్నెట్‌లో ఎగబడి కొంటారత్తా! చేతిపనివాళ్లకే పెట్టిన బజారు ఉంది. నీకో దుకాణం తెరుద్దాం" అంది.

ఆ కథంతా లావోన్ మర్నాడు నా కిటికీ దగ్గర నిలబడి, వెనక ముగ్గురు క్యూలో ఉన్నా లెక్కచెయ్యకుండా చెప్పింది.

"మార్లిస్, దుకాణానికి పేరు పెట్టమంది కిర్‌స్టెన్. 'లావోన్ చేతిపని' అని పెట్టాను. బావుందా?"

"ఫర్వాలేదే" అన్నాను. మురిసిపోయింది.

"తరవాత అదేదో పేజీ తెరిచింది. 'ఈ వస్తువు ఎవరు చేశారు?' అని అడుగుతుందట. నేనే, ఇంకెవరు చేస్తారే అన్నాను. ఆ పిల్ల నీకంటే రాలుగాయి. చర్చివాళ్లు కూడా కుట్టారు కదత్తా అంటుంది!"

"మరి కుట్టలేదూ?"

"కుట్టారులే, తలో పక్కా. కానీ నా మూల నాదే కదా? ఫోటో ఆ మూలకే తియ్యమన్నాను. దగ్గరగా. ఆ బొంత మొత్తం మీద కుట్టంటే ఆ మూల కుట్టే! చీమలు బారులు తీరినట్టుంటాయి. 'ప్రతి కుట్టూ నా చేతిదే' అని కింద రాయించాను."

ఆ ఫోటో నాకూ చూపించింది. నాలాంటి దానికి కూడా తెలిసిపోయేంత బాగుంది ఆ కుట్టు.

కిర్‌స్టెన్ ఊరుకోకుండా ఆ దుకాణాన్ని మా చర్చి ఫేస్‌బుక్ పేజీలో పెట్టింది. ఊరంతా చూసింది. అందరూ బొటనవేళ్లు నొక్కారు. నేలమాళిగలో మాత్రం ఆ గురువారం ఎవరూ ఆ ఊసెత్తలేదు. లావోనే ఎత్తింది. ఫోన్ చట్రం మీదుగా చేతులు మారింది. వెర్నా దాన్ని చాలాసేపు చూసి, మెడ ఎర్రబడి, పక్కావిడకు అందించింది. ఓర్ఫా, "అంత శ్రద్ధగా ఒకచోట కూర్చునే మనిషిని నేను చూళ్లేదు" అంది. లావోన్ దాన్ని పొగడ్తగా తీసుకుంది. నేనూ అంతే అనుకున్నాను.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి. కుట్లు పెద్దవిగా, వదులుగా పడితే పడుకున్నప్పుడు కాలిగోళ్లు వాటికి తగులుకుంటాయి. అలాంటి కుట్లను మావాళ్లు గోరుతగుళ్లు అంటారు. బొంతలు కుట్టేవాళ్ల లోకంలో అంతకంటే నామోషీ లేదు. ఎవరూ ఎవరి మొహం మీదా ఆ మాట అనరు. అన్నది లావోన్ ఒక్కతే, వెర్నాను. అంతకు ముందటి చలికాలం ఒక గురువారం కళ్లద్దాలు పైకి తోసి, తనకూ వెర్నాకూ మధ్య జాగాలోకి వంగి చూసి, గొంతెత్తి అంది:

"ఏమే వెర్నా, కిందటివారం తాగొచ్చి కుట్టావా? ఇవేం కుట్లే, గోరుతగుళ్లు! వీటికి గోరు కాదు, కాలే ఇరుక్కుంటుంది!"

తన జోకుకు తనే పడి పడి నవ్వింది. నేనూ నవ్వాను, దాచడమెందుకు. ఓర్ఫా దగ్గింది. ఎవరో బార్ల పళ్లెం జరిపారు. వెర్నా చెంపల దాకా ఎర్రబడి, "యా... కళ్లు సరిగ్గా ఆనట్లేదు" అని తలొంచుకుంది.

సెప్టెంబరులో ఆర్డరొచ్చింది. ఓరెగాన్‌లో డాఫ్నీ అనే ఆవిడ, జూన్‌లో చెల్లెలి పెళ్లి, అచ్చం ఫోటోలో ఉన్నలాంటి జంట ఉంగరాల బొంత కావాలంది. లావోన్ ఆ రోజు పోస్టాఫీసులో పనేం లేకపోయినా వచ్చి, స్టాంపులు కొనుక్కుని, ఆ ఉత్తరం నాకు చదివి వినిపించి వెళ్లింది. చర్చి చట్రం మీద అప్పటికి వేరే బొంత ఉంది. పైగా ప్రతి కుట్టూ నా చేతిదే అని రాసుకున్నాక ఇంకొకళ్ల చెయ్యి పడకూడదని ఆవిడ పట్టు. భర్త షెడ్డులోంచి చెక్కలు తెచ్చి, ముందుగదిలో సొంత చట్రం నిలబెట్టింది. "ఈ చలికాలం నాకు తీరదు, ఆర్డరుంది" అని గురువారాలు మానేసింది. ఆ 'ఆర్డరు' అనే మాటను ఎంత ముద్దుగా పలికేదో చెప్పలేను. చెరువు గడ్డకట్టింది, దాని మీద చేపలవాళ్ల గుడిసెలు లేచాయి, లావోన్ కుడుతూనే ఉంది. నేను ఓసారి వెళ్తే కుట్టు చూపించి, "చట్రం కొత్తది కదా, కాస్త వదులుగా ఉంది. ఉతికితే దగ్గరపడిపోతుంది" అంది. నాకేం తెలుసు. ఊఁ అన్నాను.

మార్చిలో పంపించింది. పెట్టె మీద టేపు నేనే వేశాను, ఆవిడ పక్కన నిలబడి, "ఇంకొంచెం, మార్లిస్, ఇంకొంచెం" అంటుంటే.

రెండు వారాలకు అదే పెట్టె, మీద వేరే టేపుతో, తిరిగొచ్చింది. నేను ఫోన్ చేసేలోపే లావోన్ వచ్చేసింది. మొహం జేగురు రంగులో ఉంది. డాఫ్నీ ఉత్తరం కిర్‌స్టెన్ పొద్దున్నే చదివి చెప్పిందట. డాఫ్నీ అదే మాట దుకాణం పేజీలో కూడా పెట్టింది, ఐదుకు రెండే నక్షత్రాలిచ్చి. చర్చి పేజీ చూసేవాళ్లందరికీ అది కనిపిస్తుంది.

ఉత్తరంలో దురుసు మాట ఒక్కటి లేదు. బొంత రంగులు ఎంతో బాగున్నాయి. కానీ కుట్లు ఫోటోలోలా లేవు, వేరేగా ఉన్నాయి. మా అమ్మ సరదాపడి కప్పుకుంటే ఆవిడ కాలిగోరు దారానికి తగులుకుని కుట్టు తెగింది. ఇది, ఫోటోలోది ఒకే చేత్తో కుట్టినవేనా? నాకు ఫోటోలోలాంటిదే కావాలి.

పాపం డాఫ్నీకి మా ఊరి భాష తెలియదు. 'వేరేగా' అన్నా, 'గోరు' అన్నా మా దగ్గర ఏమిటో ఆవిడకేం తెలుసు. తెలిసినవాళ్లు తిట్టినా అంత సూటిగా తగిలేది కాదు.

"ఒకే చెయ్యేనా అని అడుగుతుందే నన్ను!" కిటికీ అద్దం అదిరేలా అంది లావోన్. "వాళ్లమ్మ గోళ్లు తీసుకోకపోతే నాదా తప్పు? పద. ఇవాళ గురువారమేగా. మంచం మీద బొంత కూడా తెచ్చాను, కార్లో ఉంది. రెండూ పక్కపక్కన పరిచి వాళ్లతోనే చెప్పిస్తాను. కుట్టు తెలిసినవాళ్లు చెబితే కాదంటుందా!"

నేను తలుపుకు తాళం వేసి వెంట వెళ్లాను. చెప్పానుగా, బార్ల కోసం. కొంత తమాషా చూద్దామని కూడా.

నేలమాళిగలో పొడుగు బల్ల మీద రెండు బొంతలూ పరిచింది. ఫోటో తీసిన మూల, కొత్త బొంత మూల, పక్కపక్కన. కుట్టడం రాని నాకే ఒక్క క్షణంలో తేడా తెలిసిపోయింది. ఇటు చీమల బారు. అటు పిల్లలు సుద్దతో గీసిన గీతల్లాంటి కుట్లు.

లావోన్ ఇంకా వాటి వైపు చూడలేదు. మనుషుల వైపు చూస్తోంది. "చెప్పండి. వెర్నా, నువ్వు చెప్పు. నాలుగు చలికాలాలు నా పక్కన కూర్చున్నావు. నా చెయ్యి నీకు తెలియదూ? ఈ రెండూ ఒకే చెయ్యి కాదూ?"

కాఫీ పాత్ర కుతకుతమంటోంది. వెర్నా మెడ, చెంపలు, చెవులు కూడా ఎర్రబడ్డాయి.

"కూర్చో లావోన్" అంది ఓర్ఫా.

"ఎందుకు కూర్చోవడం?"

"కూర్చోమ్మా."

కూర్చుంది. ఓర్ఫా తన కప్పులోకి చూస్తూ చెప్పింది. నువ్వు రెండింటికి వెళ్లిపోతావు కదా. నువ్వెళ్లాక నీ మూల కుట్లు విప్పి మళ్లీ వేసేవాళ్లం. తరవాతి గురువారానికి ఆ మేర చుట్టేసేవాళ్లం, నీకు తేడా తెలియకుండా. నిన్ను బాధపెట్టడం ఇష్టంలేక.

"ఎప్పట్నుంచి?"

"నువ్వు చేరినప్పట్నుంచీ."

లావోన్ నవ్వబోయింది. ఇదేదో పరాచికమని చివరి ఆశ. ఎవరూ నవ్వకపోయేసరికి అప్పుడు, మొదటిసారి, బల్ల మీదికి చూసింది. ఈ మూలా, ఆ మూలా. చాలాసేపు చూసింది.

"ఎవరు వేసేవాళ్లు?"

అందరూ తలో దిక్కూ చూశారు, గోడ గడియారం వైపు, మెట్ల వైపు, బార్ల వైపు. వెర్నా వైపు మాత్రం ఒక్కరూ చూడలేదు. దాంతో తెలిసిపోయింది.

"మరి ఆ రోజు..." లావోన్ గొంతు మొట్టమొదటిసారి చిన్నదైంది. "ఆ గోరుతగుళ్లు..."

"ముందువారం మంచు తుఫానొచ్చింది" అంది ఓర్ఫా. "అందరం నీతోపాటే ఇళ్లకు పరిగెత్తాం. వెర్నాకు విప్పే వీలు లేకపోయింది."

తల కొట్టేసినట్టవడం అని చదువుతాం. నేను చూశాను. ఆ ఎత్తరి మనిషి కుర్చీలోనే కుంచించుకుపోయింది. ఊరందరిముందూ తన గొప్పని ఫోటో తీయించిన కుట్టు వెర్నాది. వెర్నాదని అందరిముందూ నవ్విన కుట్టు తనది. లేచి, రెండు బొంతలూ కలిపి చుట్టచుట్టింది. మెట్లెక్కుతుంటే ఒక కొస నేల మీద ఈడ్చుకుంటూ పోయింది. ఎత్తిపెడదామని కూడా మాకెవరికీ తోచలేదు.

నాకు అప్పుడొచ్చిన కోపం ఇప్పటికీ చల్లారలేదు.

"ఇంతమందిలో ఒక్కళ్లకీ నోరు పెగల్లేదా? 'చిన్నగా వెయ్యి లావోన్' అని ఒక్క ముక్క అంటే పళ్లు రాలిపోయేవా?" అన్నాను.

"బాధపడుతుందని, మార్లిస్" అంది ఓర్ఫా.

"ఇప్పుడు పడటం లేదూ?"

ఎవరో బార్ల పళ్లెం నా వైపు జరిపారు. ఆ రోజు మాత్రం తినలేదు.

లావోన్ కనిపించడం మానేసింది. చర్చికి రాదు. సరుకులకు పక్క ఊరు వెళుతోందని విన్నాను. ఉత్తరాల డబ్బా నిండిపోతే, పోస్టాఫీసు తెరిచీ తెరవకముందే, ఎవరూ లేని వేళ చూసి వచ్చింది. కోటు టోపీ కళ్లదాకా లాక్కుంది.

"నీకు తెలుసా మార్లిస్? నిజం చెప్పు."

"తెలిస్తే ఆనాడే ఊరంతా వినపడేలా అరిచేదాన్ని."

ఆ మాటకు నవ్వబోయి ఆగిపోయింది. "అవును. నువ్వైతే అరిచేదానివే" అంది. తరవాత కిటికీ అంచు పట్టుకుని, నా వైపు చూడకుండా చెప్పుకుపోయింది. "రాత్రిళ్లు పడుకుని వాళ్లన్న మాటలన్నీ గుర్తుచేసుకుంటున్నాను. ఒక్కళ్లు కూడా నా కుట్టు బాగుందనలేదు మార్లిస్. ఒక్కసారి కూడా. 'ఎంత శ్రద్ధగా కూర్చుంటావో', 'రంగులు ఎంత బాగా ఏరుతావో' అనేవాళ్లు. వాళ్లు అబద్ధమాడలేదు. నేనే విన్నాను, వాళ్లు అననిది. సిగ్గుతో చచ్చిపోతున్నాను. ఆ వెర్నా మొహం... ఆవిడ నా కుట్లు విప్పి కుట్టి, పైగా నాచేత మాటలు పడి, కళ్లు ఆనట్లేదని తప్పు నెత్తినేసుకుంది. నేను నవ్వాను. ఎంతసేపు నవ్వానో గుర్తుందా నీకు?"

గుర్తుంది. నేనూ నవ్వాను కదా.

డాఫ్నీకి నిజం రాసేశానంది. కిర్‌స్టెన్ వద్దన్నా వినకుండా. ఫోటోలో కుట్లు నావి కావు, నావే అనుకున్నాను, మీ డబ్బు వెనక్కి పంపుతాను అని. జవాబు వచ్చింది. కోటు జేబులోంచి కాగితం తీసి చూపించింది. డబ్బు వద్దు. రంగులు మా చెల్లికి తెగ నచ్చాయి. ఆ మూల కుట్టినావిడ ఎవరో ఆవిడను అడిగి చూడండి, ఈ బొంతకు మళ్లీ కుట్టిపెడతారేమో. పెళ్లి జూన్‌లో.

"వెర్నాను అడగమంటోంది" అంది లావోన్. "ఏ మొహం పెట్టుకుని అడగను?"

"ఉన్న మొహం పెట్టుకునే" అన్నాను. ఓదార్చడం నాకు చేతకాదు.

తరవాతి గురువారం లావోన్ వచ్చింది. మెట్ల మీద ఆవిడ అడుగుల చప్పుడు వినపడగానే నేలమాళిగలో అందరూ అటు తిరిగారు. చంకలో డాఫ్నీ బొంత. మెట్ల దిగువనే నిలబడిపోయింది, తన మూల దాకా కూడా రాకుండా.

ఇక మావాళ్లు మొదలెట్టారు. రా లావోన్, కాఫీ తాగు లావోన్, ఎంత బాగున్నావో లావోన్. ఒకావిడైతే బొంత అందుకుని, "ఇదిక్కడ వదిలెయ్. మీ అక్క ఎదురుచూస్తూ ఉంటుంది, నువ్వెళ్లు. మేం చూసుకుంటాంగా" అంది. మళ్లీ అదే! నా నాలుక చివరిదాకా వచ్చింది. లావోన్ నాకంటే ముందు అంది.

"నేనివాళ ఎక్కడికీ వెళ్లను. అక్కకు చెప్పే వచ్చాను."

బొంత గట్టిగా పట్టుకుని వెర్నా దగ్గరికి నడిచింది.

"ఆ గోరుతగుళ్లు నావి" అంది. "నిన్నన్నాను. అందరిముందూ అన్నాను, అందరిముందూ చెబుతున్నాను. నావి."

"అయ్యో, పోనీలే..." అంది వెర్నా.

"పోనీకు! నువ్విలా పోనిచ్చి పోనిచ్చే నేనిలా తయారయ్యాను!"

వెర్నా ఉలిక్కిపడింది. లావోన్ కూడా తన గొంతుకు తనే భయపడ్డట్టు తగ్గించుకుంది. "ఈ బొంత మళ్లీ కుట్టాలి వెర్నా. వాళ్లకు నీ చెయ్యి కావాలి. దుకాణం పేజీలో మార్పించాను. పై గుడ్డ లావోన్, కుట్టు వెర్నా బ్రెక్కె అని."

"నా పేరా? వద్దు వద్దు! జనం ఏమనుకుంటారు, గొప్పలు పోతోందనుకోరూ?"

"అనుకోనీ. నేను నీ కుట్టుతో గొప్పలు పోయినప్పుడు లేంది, నీ కుట్టుకు నీ పేరుంటే వచ్చిందా?"

ఎవరూ ఏమీ అనకముందే లావోన్ బల్ల మీద బొంత పరిచి, తన కుట్లు తనే విప్పడం మొదలుపెట్టింది. చలికాలమంతా కూర్చుని వేసిన కుట్లు. ఒక్కొక్కరే వచ్చి సాయం పట్టారు. నేను పోస్టాఫీసు తలుపుకు 'ఇప్పుడే వస్తాను' అని అట్ట తగిలించి వచ్చి, రాలిన దారాలు ఏరాను. నాకు చేతనైన పని అదొక్కటే. ఓర్ఫా చూపు మసకబారిన కళ్లతో అందరి వైపూ చూస్తూ, ఎవరూ తాగని కాఫీ పోస్తూనే ఉంది.

బొంత చట్రానికెక్కేసరికి మూడైంది. లావోన్ తన మూలలో కూర్చోలేదు. కుర్చీ జరుపుకుని వెర్నా మోచేతి పక్కన, బడిపిల్లలా కూర్చుంది. "నేర్పించు" అంది. వెర్నా సూది ఎలా పట్టాలో, కింద వేలు ఎక్కడుంచాలో చూపించింది, నోటితో కాదు, చేతులతో. లావోన్ ఒక వరస కుట్టింది. నాలుక బయటపెట్టి, ఊపిరి బిగబట్టి, మంగలి కత్తి కింద కూర్చున్నట్టు కదలకుండా కుట్టింది. కుట్టి, సూది వదిలి, చేతులు ఒళ్లో పెట్టుకుంది.

"ఎలా ఉంది?"

మా ఊళ్లో ఆ ప్రశ్నకు ఉన్న జవాబులన్నీ నాకు తెలుసు. ఫర్వాలేదే. ఎంత శ్రద్ధగా వేశావో. దారం రంగు బాగా నప్పింది. వెర్నా మెడ ఎర్రబడింది. చెంపలు ఎర్రబడ్డాయి. ఓర్ఫా ఆవిడను ఆదుకోబోయి, "లావోన్, కాస్త కాఫీ..." అంది.

"మీరుండండి ఓర్ఫా" అంది లావోన్. "వెర్నా, నిన్నే. ఎలా ఉంది?"

వెర్నా కళ్లలో నీళ్లు తిరిగాయి. "నువ్వెప్పుడెళతావా అని గడియారం చూస్తూ కూర్చునేదాన్ని" అంది. "నువ్వు మెట్లెక్కగానే నీ కుట్లు విప్పేదాన్ని, దొంగలా. నీ పక్కన కూర్చుని నీతో ఒక్క మాట చెప్పలేకపోయాను. నాకెంత సిగ్గుగా ఉండేదో నీకు తెలియదు."

"ఇప్పుడు చెప్పు మరి."

వెర్నా వంగి ఆ వరస మీద వేలు పెట్టి మొదటినుంచి చివరిదాకా తడిమింది.

"బాగాలేదు" అంది. "పెద్దవి పడ్డాయి. వంకర కూడా."

పుట్టి బుద్ధెరిగాక వెర్నా బ్రెక్కె నోట అలాంటి మాట రావడం అదే మొదలు. అనేసి, దెబ్బకొట్టినదానిలా చెయ్యి వెనక్కి లాక్కుంది. లావోన్ మొహం కందగడ్డలా అయింది. ఆ సిగ్గు ఆవిడ ఎక్కడా దాచుకోలేదు, అలాగే అందరి కళ్లముందూ కూర్చుంది. తరవాత కత్తెర కోసం చెయ్యి చాపింది.

"ఎన్ని విప్పాలి?"

"అన్నీ" అంది వెర్నా.